పన్నెండో పేరు

కృష్ణగిరిలో నేను చదివిన ప్రభుత్వ కళాశాలలో బాస్కెట్‌బాల్ కోర్టు ఉన్న చోట కొత్త తరగతి గదులకు పునాది తవ్వారు. రెండు రింగుల్లో ఒకదాన్ని పీకి సైకిల్ షెడ్డు పక్కన పడేశారు. రెండోది చాలాకాలం గుంతల మధ్య ఒంటిగా నిలబడి ఉండింది. కోర్టు పోయింది కాబట్టి జట్టు పోయింది. జట్టు పోయాక ఆ కాలేజీలో నాకు ఊపిరాడలేదు. డిగ్రీ మొదటి సంవత్సరం కాగానే టీసీ తీసుకుని హోసూరులో ఒక ప్రైవేటు కాలేజీలో రెండో సంవత్సరంలో చేరాను. రెండూ ఒకే విశ్వవిద్యాలయం కిందివి కావడంతో మారడం కుదిరింది. ఆటల కోటాలో తీసుకున్నారు. జట్టులో చోటు మాత్రం ఆడి తెచ్చుకోవాలని చేరిన రోజే చెప్పారు.

జట్టుకు పన్నెండు మంది. పదకొండు మంది ముందు ఏడాది నుంచి ఆడుతున్నవాళ్ళు, వాళ్ళ పేర్లు కదలవు. మిగిలిన పన్నెండో పేరుకు ఇద్దరం పోటీ పడ్డాం. ఒకతి నేను. రెండో ఆమె హాస్టల్లో నా పక్క మంచం మీద పడుకునే పిల్ల.

ఆమెది వేప్పనపల్లికి అవతల, ఆంధ్రా సరిహద్దుకు దగ్గరగా మామిడి తోటల మధ్య ఉన్న చిన్న ఊరు. ఇంట్లో మేకలు, ఒక చెక్క చేను. హాస్టల్ నిండా తమిళం, కన్నడం. మా గదిలో మాత్రం తెలుగు. మొదటి రోజు నా పెట్టె చూసి, "యా ఊరు మే?" అని అడిగింది. గురుబరపల్లి అన్నాను. "అయ్యో, మా బస్సు మీ ఊరి మీదనే గదా వచ్చేది! ఇస్కూలు దినాల్లో రోజూ మీ ఊరి దుమ్ము తిన్నాను నేను" అని నవ్వింది. అప్పటి నుంచి మేం ఒకే పళ్ళెంలో తిన్నాం.

ఆటలో ఇద్దరిదీ ఒకటే పని. బంతిని కోర్టు ఈ చివర నుంచి ఆ చివరకు నడిపించుకుపోయి సరైన మనిషికి అందించడం. దూరం నుంచి రింగులో వేయడం నాకు బాగా వచ్చు. కాళ్ళ వేగం ఆమెది. బంతి వైపు చూడకుండా నడిపేది. ఎలా వచ్చింది నీకిది అని అడిగితే ఆమె చెప్పిన జవాబు నాకింకా గుర్తుంది.

"మేకల్ని తోలేటప్పుడు ముందు మేకనే చూస్తాంటే వెనకది ఎవురి చేలోనో పడతాది. అన్నిట్నీ ఒకే తూరి చూడాల. ఈడా అంతే."

నిజానికి ఆ చోటు ఎవరికి దక్కాలో మా ఇద్దరికీ తెలుసు. ఆ మాట నేను పైకి ఎప్పుడూ అనలేదు.

ఆమెకు ఆ చోటుతో ఇంకో ముడి ఉంది. వాళ్ళన్న గట్టిగా చెప్పేశాడు. విశ్వవిద్యాలయం పోటీల్లో ఆడితే డిగ్రీ ముగించవచ్చు, పేరు రాకపోతే ఈ ఏడాదే చదువు మాని కంపెనీలో చేరాలి. కంపెనీ అంటే మా ప్రాంతంలో ఇప్పుడు ఒకటే అర్థం. సెల్‌ఫోన్ల భాగాలు బిగించే పెద్ద షెడ్లు. పొద్దున్నే బస్సు వచ్చి ఊరూరా ఆడపిల్లల్ని ఎక్కించుకుపోతుంది. ఆ పనిని నేను చిన్నచూపు చూడను. ఎన్నో ఇళ్ళకు అది అన్నం పెట్టింది. కానీ ఆ పిల్లకు చదువుకోవాలని ఉంది, ఆడాలని ఉంది. నాకైతే పేరు రాకపోయినా చదువు ఆగేది కాదు.

ఇక్కడ మా నాన్న గురించి కొంత చెప్పాలి. ఆయన వడ్రంగి. రోడ్డు పక్కన రేకుల కొట్టంలో తలుపులు, కిటికీలు చేస్తాడు. దేవుడు లేడనే మనిషి. కృష్ణగిరిలో హేతువాదుల సభ ఎక్కడ జరిగినా పనిముట్లు మూటగట్టి పక్కన పెట్టి వెళ్ళేవాడు, నాకు ఎనిమిదేళ్ళప్పటి నుంచీ నన్నూ వెంట తీసుకుపోయేవాడు. కొట్టంలో బల్ల మీద నిలబెట్టి మాట్లాడించేవాడు. తాయెత్తు మీద, జాతకం మీద, బల్లి శకునం మీద. నేను తడబడితే ఉలి కింద పెట్టి, "ఎదుటోడు ఇప్పుడు ఏమంటాడు? దానికి నీ జవాబేంది?" అనేవాడు. పదిహేనేళ్ళకే నేను పెద్దవాళ్ళను నోరెత్తనివ్వకుండా చేసేదాన్ని. నిజాన్ని దాచేవాడు మూఢనమ్మకానికి కాపలా కాసినట్టేనని ఎన్నో వేదికల మీద చెప్పాను, చప్పట్లు కొట్టించుకున్నాను.

సెప్టెంబరులో ఆ వారం వచ్చింది. ఆటలు నేర్పే ఆమెను అందరూ పీడీ మేడమ్ అనేవాళ్ళు. రాయకోట మనిషి, ఇంట్లో తెలుగే. మాట కరుకు, కానీ పక్షపాతం లేని మనిషి. శనివారం పొద్దున ఆరున్నరకు మా ఇద్దరినీ ఎదురెదురుగా ఆడించి చూస్తానని, సోమవారం మధ్యాహ్నానికి పన్నెండు పేర్లూ పంపేయాలని చెప్పింది. అప్పటికే జట్టులోని పొడుగు పిల్లకు జ్వరం. శనివారం ప్రాక్టీసుకు రాలేనంటే మేడమ్ విసుక్కోకుండా, "జరానికి ఎవురేం చేస్తారు? సోమవారం పొద్దున రా, చూస్తా" అంది. ఈ సంగతి మా అందరి ముందూ జరిగింది.

మంగళవారం నా స్నేహితురాలు ఊరికి వెళ్ళింది. వాళ్ళ అమ్మవారి జాతర. వెళ్ళకపోతే అన్నకు కోపం వస్తుంది, అన్నకు కోపం వస్తే మొదటికే మోసం. శుక్రవారం సాయంత్రానికి వచ్చేస్తానంది.

శుక్రవారం మధ్యాహ్నం తెలియని నంబరు నుంచి ఫోన్ వచ్చింది. ఆమే.

"మే, నేను. గట్టిగా మాట్లాడొద్దు. ఇది వేరేవాళ్ళ ఫోను."

"యాడుండావు? బస్సెక్కినావా?"

"యాడ ఎక్కేది? నేను బయటుండాను. బుధవారం అయింది. గుడిసెలో ఉండాను."

నాకు అర్థం కావడానికి కొంతసేపు పట్టింది. మా వైపు కొన్ని ఊళ్ళలో ఇంకా ఉంది ఆ ఆచారం. నెలసరి వచ్చిన ఆడది ఇంట్లో ఉండకూడదు. ఊరి చివర ఒక గుడిసె. కిటికీ ఉండదు, గొళ్ళెం ఉండదు. అన్నం ఎవరో తెచ్చి దూరం నుంచి పెట్టిపోతారు. మామూలుగా ఐదు రోజులు. జాతర రోజుల్లో అమ్మవారి గద్దె ముందు నుంచి నడవకూడదు కాబట్టి, ఊరి నుంచి బస్సుకు పోయే ఒకే ఒక్క బాట ఆ గద్దె ముందు నుంచే కాబట్టి, జాతర ముగిసేదాకా అక్కడే.

"అదేం కర్మ! లేచి రావే. ఎవరు ఆపుతారు నిన్ను?" అన్నాను.

"ఎవరా? మా అమ్మ, మా అన్న, ఊరు మొత్తం. మీ నాయన మాదిరి కాదు మే మా ఇంట్లో. ఇప్పుడదంతా వద్దు. నువ్వు ఒక్క పని చెయ్. మేడమ్‌కి నాకు జరమని చెప్పు. పొడుగుపాపకి సోమవారం చూస్తాననింది గదా, నాకూ సోమవారమే చూడమను. సోమవారం ఎట్లనో వస్తా."

"ఎట్లా వస్తావు?"

"అది నా పని. నువ్వు అడగొద్దు. జరమని చెప్పు, అంతే. ఇంకొక మాట నోట్లోంచి రాకూడదు. నీ మీటింగు మాటలు మీటింగులో పెట్టుకో. సరేనా?"

సరే అన్నాను. ఆ మాట ఇచ్చింది నేనే. నాకిప్పటికీ వినిపిస్తూ ఉంటుంది.

శనివారం పొద్దున కోర్టులో మంచు ఇంకా విడవలేదు. పది మంది పిల్లలు వరుసగా నిలబడ్డారు. మేడమ్ చేతిలో అట్ట, కాగితం. నా పక్కనున్న ఖాళీని చూసి, "ఏమమ్మా, నీ జోడు యాడ?" అంది.

రెండు మాటలు చాలు. ఆమెకు జరం. నాలుక చివరిదాకా వచ్చాయి. కానీ నా లోపల ఇంకోటి లేచింది. ఆ గుడిసె, ఆ గొళ్ళెం లేని తలుపు, దూరం నుంచి పెట్టే అన్నం. జ్వరమని చెప్తే ఆ గుడిసెను నేనూ దాచినట్టే కదా? ఎన్ని వేదికల మీద చెప్పిన మాట? పది మంది ఆడపిల్లలు నిలబడి ఉన్నారు. ఇక్కడ చెప్పకపోతే ఇంకెక్కడ చెప్తావు?

చెప్పాను. మెల్లగా మేడమ్ చెవిలో కూడా కాదు. అందరికీ వినిపించేలా, తమిళంలో, నాకు అలవాటైన గొంతుతో. ఆమెను ముట్టు గుడిసెలో పెట్టారని చెప్పాను. రక్తాన్ని అసహ్యించుకునే సమాజం ఆ రక్తం నుంచే పుట్టిందని చెప్పాను. ఇది ఒక్క పిల్ల సమస్య కాదని చెప్పాను. ఇద్దరు ముగ్గురు పిల్లలు తల దించుకున్నారు. ఒకతి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. నవ్వుకేనని తెలుస్తూనే ఉంది. నేను ఆగలేదు.

మేడమ్ అంతా విని, అట్ట మీద పెన్నుతో రెండు సార్లు కొట్టింది.

"అంతా సరేనమ్మా. నువ్వు చెప్పింది న్యాయమే. కానీ నేనేం చేసేది? జరమైతే ఆగుతా. నెలనెలా ఊరు పిలిచి గుడిసెలో పెట్టే పాపని నమ్మి టీములో ఎట్లా వేసుకునేది? మ్యాచ్ దినమే అట్లయితే? వాళ్ళన్న వచ్చి పిలుచుకొని పోతే?"

"అది ఆమె తప్పా మేడమ్?"

"తప్పంటినా నేను? పన్నెండు మందిలో ఒకరు రాలేదంటే నా నెత్తి మీదకు వస్తాది. పో, బంతి తీసుకో."

చూడ్డానికి వచ్చిన మొదటి సంవత్సరం పిల్లనొకదాన్ని నాకు ఎదురు పెట్టింది. పది నిమిషాలు ఆడాను. ఆ పిల్ల నన్ను ఆపలేకపోయింది. మేడమ్ పన్నెండో గీత మీద నా పేరు రాసింది. సంతకం చేసింది. మధ్యాహ్నానికి కాగితం నోటీసు బోర్డుకు ఎక్కింది.

ఆ పూట నేను అబద్ధం ఆడలేదు. ఇన్నాళ్ళూ ఎవరికైనా ఈ కథ సగం చెప్పినప్పుడు ఈ వాక్యం దగ్గర ఆగిపోయేదాన్ని. చోటు కోసమే అలా చేశావా అని నన్ను నేను ఎన్నోసార్లు నిలదీసుకున్నాను. లేదని ప్రమాణం చేయలేను. జ్వరమంటే మేడమ్ ఆగుతుందని నాకు తెలుసు. నిజం చెప్తే ఏమవుతుందో నాకు తెలియదనీ అనలేను, ఎదుటివాడి జవాబు ముందే ఊహించడమే కదా చిన్నప్పటి నుంచి నేర్చుకున్నది. మనసులో ఏ మూలన ఏముందో ఇప్పుడు తేల్చలేను. తేలినదల్లా ఒకటే. ఆ నిజం నాది కాదు. ఆమె ఒంటిది, ఆమె ఇంటిది. దాన్ని ఎప్పుడు చెప్పాలో, ఎవరికి చెప్పాలో, అసలు చెప్పాలో లేదో ఆమె ఇష్టం. నిజం చెప్పే ధైర్యం గురించి మా సభల్లో గంటలు గంటలు మాట్లాడేవాళ్ళం. ఆ నిజం ఎవరిదన్న ప్రశ్న మాలో ఒక్కరూ వేయలేదు. నేనూ వేయలేదు.

సోమవారం ఎనిమిది గంటలకు ఆమె వచ్చింది. మోకాళ్ళ దాకా మట్టి. పావడా అంచుకు ముళ్ళు. నేరుగా నోటీసు బోర్డు దగ్గరకు వెళ్ళి చూసి, తర్వాత గదికి వచ్చింది. వచ్చే దారిలోనే ఎవరో అంతా చెప్పేసినట్టున్నారు.

"జరమని చెప్పేదానికి నీకేం నొప్పి మే?"

నేను మంచం మీద నుంచి లేచాను.

"ఒక మాట. ఒక్కటే మాట అడిగినాను."

"నేను నీ తరఫునే మాట్లాడినాను. ఆ ఆచారం మీద..."

"నా ముట్టుకి మైకు పెట్టి చెప్పినావు గదమ్మా ఊరందరికీ. ఇంక నా తరఫున ఏముండాది?"

తర్వాత మంచం మీద కూర్చుని కాళ్ళకు అంటిన మట్టి గోకుతూ, నా వైపు చూడకుండా చెప్పింది. తెల్లవారుజామున గుడిసెలో నుంచి బయటికి వచ్చిందట. బాట మీద రాకుండా వెనక మామిడి తోటల్లో పడి, ఎండిన వంక దాటి, వేప్పనపల్లి దాకా నడిచి మొదటి బస్సు పట్టిందట. జాతర ముగియకముందే ఆ గుడిసె దాటిన ఆడది వాళ్ళ ఊళ్ళో అంతకు ముందు లేదట.

ఆ ఆచారాన్ని నేను పదేళ్ళుగా మాటలతో కొడుతున్నాను. ఒక్క ఇటుక కదల్లేదు. ఆ పిల్ల దాన్ని కాళ్ళతో దాటి వచ్చింది. ఎవరికీ చెప్పకుండా, చప్పట్లు లేకుండా, ఒక ఆట ఆడడానికి. ఆమె వచ్చేసరికి ఆడడానికి చోటు లేకుండా చేసినదాన్ని నేను.

మేడమ్ దగ్గరకు పరిగెత్తాను. నా పేరు కొట్టేయండి, ఆమెది రాయండి అన్నాను. మేడమ్ చేతిలో అట్ట పక్కన పెట్టింది. "శనివారమే పంపించేసినాను తల్లీ. నువ్వు మానుకుంటే పదకొండు మందితో పోతాం. ఆమె పేరు రాదు" అంది. పొడుగు పిల్ల జ్వరం తగ్గి ఆ పొద్దునే వచ్చి కోర్టులో పరిగెడుతోంది. ఆమె పేరు ముందే జాబితాలో ఉంది కాబట్టి ఇబ్బంది లేదు.

నేను మానుకోలేదు. అది కూడా రాయాలి. మానుకుంటే ఆమెకు వచ్చేదేమీ లేదని నాకు నేను చెప్పుకున్నాను. వాదం బలంగానే ఉంది. నా వాదాలన్నీ బలంగానే ఉంటాయి.

పది రోజులకు వాళ్ళన్న వచ్చాడు. గుడిసె దాటి వచ్చిందన్న సంగతి ఊరికి తెలిసిపోయింది. ఆ వారంలో రెండు మేకపిల్లలు చచ్చాయట, వాటినీ ఆమె లెక్కలోనే వేశారు. పెట్టె మోసుకుంటూ ఆయన నన్ను దాటుకుని పోయాడు. ఆమె తలుపు దగ్గర ఆగి, "దుప్పటి నీది నా దాంట్లో కలిసిపోయిందేమో, చూసుకో" అంది. అంతే.

ఆ ఆదివారం ఇంటికి వెళ్ళి నాన్నకు అంతా చెప్పాను. ఆయన తలుపు చట్రానికి చిత్రిక పడుతున్నాడు. నేను చెప్తున్నంతసేపూ చిత్రిక ఆపలేదు. చెప్పడం అయ్యాక ఆపాడు.

"ఆ పాప నిన్ను ఏం చెప్పమనింది?"

"జరమని."

"నువ్వు ఏం చెప్పినావు?"

"నిజం చెప్పినాను నాయనా. నువ్వే గదా..."

"అవును, నేనే" అన్నాడు. తిట్టి ఉంటే ఎదురు తిరిగేదాన్ని. చిత్రిక మళ్ళీ చేతిలోకి తీసుకున్నాడు గానీ చెక్క మీద పెట్టలేదు, అలాగే పట్టుకుని కూర్చున్నాడు.

క్షమాపణ చెప్పుకోవాలని ఒకసారి వాళ్ళ ఊరు వెళ్ళాను. అప్పటికే ఆమె కంపెనీ హాస్టల్లో చేరిపోయింది. వాళ్ళమ్మ మేకల దొడ్డి ఊడుస్తోంది. నేనెవరో చెప్పగానే చీపురు నిలబెట్టి చూసింది.

"నువ్వేనా ఆ నిజం చెప్పిన పాప?"

తల ఊపాను. తిడుతుందనుకున్నాను. లోపలికి వెళ్ళి చెంబుతో నీళ్ళు తెచ్చి ఇచ్చింది.

"ఆ దినం తెల్లారి నేను చూసినానమ్మా అది పోయేది. తోటలో తెల్ల రైక కనపడింది. అరిస్తే నిలబడేది. అరవలేదు. పోనీలే, ఆట ఆడుకోనీ అనుకున్నాను. ఊళ్ళో అడిగితే నాకు తెలీదన్నాను." చెంబు వెనక్కి తీసుకుంటూ అంది, "పేరు రానే లేదంట గదా."

దేవుణ్ణి నమ్మే ఆ అమ్మ కూతురి కోసం ఊరంతటికీ అబద్ధం చెప్పింది. నేను ఆ ఇంటి ముందు నిలబడి నీళ్ళు తాగాను.

ఆ ఆచారం గురించి ఇప్పటికీ రాస్తున్నాను. రాసిన దాంట్లో ఒక్క అక్షరం వెనక్కి తీసుకోను. ఆ గుడిసె ఆడదాని మీద జరిగే నేరమే. దాన్ని కూలగొట్టాల్సిందే. కానీ సభల్లో ఎవరైనా ఆడపిల్ల లేచి తన కథ చెప్పుకుంటుంటే, చుట్టూ ఉన్నవాళ్ళు ఇంకొంచెం గట్టిగా చెప్పమ్మా అని ఉత్సాహపరుస్తుంటే, నేను మాత్రం నీకిష్టమైతేనే చెప్పమ్మా అంటాను. నిర్వాహకులకు అది నచ్చదు. ఒకాయన మీరు చల్లారిపోయారండీ అన్నాడు.

ఆమె కాలేజీ వదిలిన రెండేళ్ళకు హోసూరు బస్టాండు బయట కనబడింది. కంపెనీ బస్సు కోసం వరుసలో నిలబడి ఉంది. నీలం కోటు, మెడలో గుర్తింపు కార్డు. కొంచెం చిక్కింది. నేను తప్పుకుని పోదామనుకున్నాను. ఆమే పిలిచింది.

"ఏమ్మే, చూసీ చూడనట్టు పోతాండావా?"

దగ్గరకు వెళ్ళాను. ఎలా ఉన్నావు అన్నాను. బాగుండాను అంది. చేతి వేళ్ళ కొనలు చూపించి, చిన్న మరలు బిగించీ బిగించీ అరిగిపోయాయని, ఫోను తెరుచుకోవడానికి ఇప్పుడు వేలిముద్ర పడటం లేదని చెప్పి నవ్వింది. నన్ను క్షమించు అనబోయాను. ఆమె చెయ్యి అడ్డం పెట్టింది.

"అదంతా వద్దు. ఒకటి అడగాలని శానా దినాలుగా ఉండాది. ఆ పోటీల్లో నిన్ను ఎంతసేపు ఆడించినారు?"

అబద్ధం చెప్పాలనిపించింది. జీవితంలో మొదటిసారి అంత గట్టిగా అనిపించింది. మొత్తం పోటీలంతా ఆడానని, గెలిపించానని చెప్పాలనిపించింది. ఆమెకు ఏది తక్కువ బాధ పెడుతుందో తేల్చుకోలేకపోయాను.

"మూడు నిమిషాలు" అన్నాను.

"మొత్తానికా?"

"మొత్తానికి. మొదటి మ్యాచ్‌లోనే ఓడిపోయినాం."

బస్సు వచ్చింది. వరుస కదిలింది. ఆమె ఒక అడుగు ముందుకు వేసి తిరిగి చూసింది.

"బంతి చేతికొచ్చిందా?"

"ఒక తూరి."

"ఏం చేసినావు?"

"అవతలోళ్ళు లాక్కున్నారు."

ఆమె ముఖంలో కోపం కనిపిస్తుందని చూశాను. లేదు. కళ్ళు సన్నం చేసి, ఆ కోర్టును, ఆ క్షణాన్ని, ఎవరెవరు ఎక్కడ నిలబడి ఉంటారో వాళ్ళందరినీ ఎదురుగా చూస్తున్నట్టుగా ఉండిపోయింది. కుడి చెయ్యి బంతి అందిస్తున్నట్టు కొంచెం కదిలింది. వెనకున్న పిల్ల, "అక్కా, ఎక్కక్కా, సీటు పోతాది" అని తోసింది. ఆమె ఎక్కింది. కిటికీ పక్కన చోటు దొరికినట్టు లేదు, మళ్ళీ కనబడలేదు.